నేను చెరిపిన మచ్చలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇంటికొచ్చి, "మేడమ్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?" అని అడుగుతుంటారు. ఏదైనా ఒకటే అంటాను. వాళ్ళకి నచ్చదు. నేనేదో కిటుకు దాచుకుంటున్నానని వాళ్ళ అనుమానం. గాజువాకలో ఒకే స్టూడియోలో, ఒకే కిటికీ పక్కన, ముప్ఫై ఏళ్ళకి కాస్త తక్కువగా మనుషుల ముఖాలు బాగుచేస్తూ కూర్చున్నాను. పెన్సిలుతో మొదలుపెట్టి మౌసుతో ముగించాను. ఇప్పుడు రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకుని ఇంటి పట్టున ఉన్నాను. ఇంకా దాచుకుని ఏం చేసుకుంటాను? ఉన్నదంతా చెప్పేస్తాను.

ఎప్పుడు సీనియర్నయ్యానో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నవి ముఖాలు. అందులోనూ నేను పాడుచేసిన ముఖాలు మరీ బాగా గుర్తున్నాయి. మీకు పనికొచ్చేవి కూడా అవేనని నా నమ్మకం.

పెన్సిలు రోజులు

మా స్టూడియో యజమాని సుబ్బారాయుడు గారు తణుకు దగ్గర పల్లెటూరి మనిషి. స్టీల్ ప్లాంటులో ఉద్యోగానికని వచ్చి, అది దొరక్క కెమెరా పట్టుకున్నారు. ప్లాంటులో చేరేవాళ్ళందరికీ పాస్‌పోర్టు ఫోటోలు కావాలి కదా, వాళ్ళకి ఉద్యోగం, ఈయనకి గిరాకీ. ఆయనకి కోపం వస్తే మర్యాద పెరిగిపోయేది. "ఏమ్మా, తమరు ఈ పూట పనేమైనా చేస్తారాండి, కుర్చీకి కాపలా కాస్తారాండి?" అనేవారు. నేను ఎలమంచిలి పక్కనుంచి వచ్చినదాన్ని, నా నోరు మాత్రం ఊరుకుంటుందా? "కుర్చీకి ఒక కాలు ఊగుతోందండి, కాపలా లేకపోతే పడిపోద్ది" అనేదాన్ని. ఆయన నవ్వు ఆపుకోవడానికి డార్క్‌రూమ్‌లోకి వెళ్ళిపోయేవారు.

అప్పట్లో నా పని నెగెటివు మీద. దాన్ని వెనకనుంచి దీపం వచ్చే ఏటవాలు బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో గీయాలి. నెగెటివులో అంతా తిరగబడి ఉంటుంది, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా. ముడత ఉన్నచోట సన్నగా పెన్సిలు కలిపితే ప్రింటులో ముడత పోతుంది. ఎక్కువ కలిపితే అక్కడ బొల్లి మచ్చలా తేలుతుంది. ఒక్క ముఖానికి అరగంట పట్టేది.

ఆ అరగంట దండగ అనుకునేదాన్ని. కాదని తర్వాత తెలిసింది. అరగంటసేపు ఒక ముఖాన్ని చూస్తే ఆ మనిషి ఎటు పక్క నములుతాడో, ఏ కన్ను ముందు నవ్వుతుందో తెలిసిపోయేది. ఏ గీత వయసు వల్ల వచ్చిందో, ఏది దెబ్బ వల్ల వచ్చిందో పెన్సిలు పట్టుకున్న చేతికి అర్థమయ్యేది.

ఏసీ గదిలో కంప్యూటరు

తొంభైల చివర్లో స్టూడియోలోకి కంప్యూటరు, స్కానరు వచ్చాయి. మాకెవరికీ లేని ఏసీ దానికి పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళాలి. నేను మద్దిలపాలెంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలలు నేర్చుకుని వచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నా సంగతి అంతే. కనిపించిన ప్రతి మీటా నొక్కాను.

రంగులు సరిదిద్దే పనిముట్టు ఒకటుంది. ఫోటోలో ఇది తెలుపు అని ఒకచోట చూపిస్తే, దాన్నిబట్టి మిగిలిన రంగులన్నీ సర్దుకుంటాయి. ఓ కుటుంబం ఫోటో వచ్చింది. తండ్రి వేసుకున్న తెల్ల చొక్కా మీద నొక్కాను. అందరి ముఖాలూ ఆకుపచ్చా నీలం కలిపిన రంగుకి తిరిగిపోయాయి. సరే, కంప్యూటరు చెప్పింది కదా అని ప్రింటు తీసి ఇచ్చేశాను. మర్నాడు ఆ ఇంటావిడ వచ్చి, "ఏటమ్మా ఇది? మమ్మల్ని సముద్రంలోంచి పైకి లాగినట్టున్నారు, మునిగిపోయినోళ్ళలాగ" అంది.

తప్పు ఎక్కడుందో రెండు రోజులు అర్థం కాలేదు. మా వైపు గాలిలో ఎర్ర దుమ్ము ఉంటుంది. ఎన్నిసార్లు ఉతికినా తెల్లచొక్కా లోపల ఓ గులాబి జీర మిగిలే ఉంటుంది. మా కళ్ళు దానికి అలవాటుపడిపోయి తెలుపనే అనుకుంటాయి. యంత్రానికి ఆ అలవాటు లేదు. ఆ ఎరుపుని తీసేయడానికి మనుషుల ముఖాల్లో రక్తం కూడా తోడేసింది. అప్పట్నుంచి చొక్కాని నమ్మడం మానేశాను. గోడ మీద స్విచ్చుబోర్డు ఉంటే దాన్నే తెలుపని చూపించేదాన్ని.

రెండోది ఇంకా సిగ్గుపడాల్సింది. దుమ్ము, గీతలు తీసేసే ఫిల్టరు ఒకటుంది. పాత ప్రింట్ల మీద సముద్రపు తేమకి బూజుచుక్కలు పడుతుంటాయి, వాటికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఓ పెళ్ళి ఫోటో మొత్తానికి అదే వేసి పంపాను. వారం తర్వాత కొత్త పెళ్ళికూతురు అత్తగారితో కలిసి వచ్చింది. "ముక్కుపుడక తీసేసి పొటో దిగిందని మా అత్త వారం నుంచి సాధిత్తంది. నాను తియ్యనేదని మీరైనా సెప్పండి" అని ఆ పిల్ల ఏడుపు. ఫిల్టరు ముక్కుపుడకని దుమ్ముచుక్క అనుకుని మింగేసింది. నేను అత్తగారికి తెర మీద అంతా చూపించి, ఫిల్టరు లేని ప్రింటు తీసిచ్చి, దండం పెట్టి పంపాను.

ఏది దుమ్మో, ఏది మనిషిదో యంత్రానికి తెలియదు. తెలియాల్సింది కుర్చీలో కూర్చున్నవాళ్ళకి. ఈ మాట నాకు అప్పుడే బుర్రకెక్కి ఉంటే, ఇప్పుడు చెప్పబోయేది జరిగేది కాదు.

ముఖం కడగడం

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. దాన్ని ముఖం కడగడం అనేవాళ్ళం. ఎవరి ఫోటో వచ్చినా, వాళ్ళు అడిగినా అడక్కపోయినా, మచ్చలు తీసేసి, చర్మం నున్నగా చేసి, రంగు రెండు మెట్లు తెలుపు చేసి ఇవ్వడం. "గిరాకీ నోరు తెరిచి అడగక్కర్లేదమ్మా. మనమే కనిపెట్టి చెయ్యాలి. ఎవరికుండదండీ బాగుండాలని?" అనేవారు సుబ్బారాయుడు గారు. నిజంగానే ఎవరూ వద్దనలేదు. ఎండలో నల్లబడిపోయిన మనుషులు తమ ఫోటో చూసుకుని మురిసిపోయేవాళ్ళు. అలా మురిసిపోతుంటే నాకూ బాగుండేది. ఇందులో పాపముందనుకోలేదు, ఇప్పటికీ పెళ్ళిచూపుల ఫోటోకి అదేమంత పాపమని అనుకోను.

అయితే రోజుకి అరవై డెబ్బై ముఖాలు వచ్చేవి. చేసే పని ఒకటే. సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంది, మనం వరసగా చేసే పనుల్ని గుర్తుపెట్టుకుని ఒక్క మీటకి అప్పగిస్తుంది. మెత్తన చేయడం, మచ్చలు కలిపేయడం, తెలుపు చేయడం, పాత ఫైలు మీదే సేవ్ చేసేయడం, అన్నీ కలిపి ఒక్క మీట మీద పెట్టాను. ముఖం చుట్టూ గీత గీసి నొక్కితే చాలు, నాలుగు లెక్కపెట్టేలోగా అయిపోయేది. అరగంట చూసే ముఖాన్ని అసలు చూడకుండానే దాటించేసేదాన్ని. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

పైడమ్మ తెచ్చిన ఫోటో

ఒకరోజు పొద్దున్న షట్టరు ఎత్తబోతే పైడమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. గాజువాక మార్కెట్లో ఆకుకూరలమ్మే మనిషి. నేను ఆమె దగ్గరే కొంటాను. బుట్ట లేకుండా ఆమెని చూడటం అదే మొదలు.

"అప్పా, మా అయ్య కనపడ్డం నేదు" అంది. మా వైపు అక్కని అప్ప అంటారు.

వాళ్ళ నాన్న అప్పలసూరి పోర్టులో ఖలాసీగా బతుకంతా బరువులెత్తి రిటైరైన మనిషి. పెళ్ళాం పోయాక కూతురి దగ్గరే ఉంటున్నాడు. రెండేళ్ళనుంచి మతిమరుపు. అన్నం తిని తినలేదనేవాడు. తెల్లారితే షిఫ్టుకి టైమైపోయిందని బయల్దేరేవాడు.

"రోజూ సందు సివరదాకా ఎల్లి తిరిగొచ్చీసేవోడప్పా. మొన్న రానేదు. దువ్వాడ టేషన్లో రాజమండ్రి పాసింజరు ఎక్కడం ఎవులో సూసేరట. ఎక్కడ దిగేడో, ఏటి తిన్నాడో." చీర కుచ్చెళ్ళలోంచి ఓ ఫోటో తీసింది. రిటైర్మెంటు రోజున పదిమందితో కలిసి తీయించుకున్నది, మెడలో దండ. "ఇంట్లో ఆయన పొటో ఇదొక్కటే ఉంది. కాయితాలు కొట్టించి రైల్వేటేషన్లలో అంటిత్తాం. గబగబా సెయ్యప్పా."

గబగబానే చేశాను. స్కాన్ చేశాను, గుంపులోంచి ఆయన్ని విడదీశాను, పెద్దది చేశాను. నా వేలు దానంతటదే ఆ మీట మీదికి వెళ్ళింది. ఆలోచించి నొక్కలేదు, నొక్కకూడదని ఆలోచించలేదు. పక్కనే నిలబడ్డ పైడమ్మ తెర మీద ముఖం చూసి, "అబ్బ, మా అయ్య ఎంత బాగున్నాడో సూడు!" అని కళ్ళు తుడుచుకుంది. నేను లోపల గర్వపడ్డాను కూడా.

సుబ్బారాయుడు గారు కాపీలు దగ్గరుండి తీయించారు. పైడమ్మ మొగుడు, మార్కెట్లో వాళ్ళు కలిసి దువ్వాడ నుంచి తుని దాకా ప్రతి స్టేషన్లోనూ అంటించొచ్చారు. అసలు ఫోటో కంప్లయింటుతో పాటు పోలీస్ స్టేషన్లో ఇచ్చారు. వారం గడిచింది. ఒక్కరి దగ్గర్నుంచీ కబురు లేదు. పైడమ్మ మార్కెట్‌కి వస్తోంది గానీ తోటకూర అడిగితే గోంగూర కట్ట ఇస్తోంది.

బల్ల మీద కూర్చున్న ముసలాయన

ఆదివారం నేనూ ఆమెతో బయల్దేరాను. ఎలమంచిలి నాకు తెలిసిన ఊరు, నలుగుర్ని అడగొచ్చు కదా అని. స్టేషను బయట టీ కొట్టు దగ్గర మా కాయితం నిక్షేపంగా గోడకి అంటుకుని ఉంది. దాని కింద ఓ బల్ల. టీ కొట్టాయన్ని అడిగాం.

"ఈ పొటోలో ఆయన్నయితే సూడనేదమ్మా. కాయితం రోజూ కళ్ళెదురుగుండానే ఉంటాది. ఎవులో ఆపీసరు గోరనుకున్నాను" అన్నాడు. గ్లాసులు కడుగుతూనే, "ఓ ముసిలాయన మాత్రం మూడ్రోజులు ఇక్కడే కూకున్నాడు. నానే టీ పోసేను. ఆయన ఏరే" అన్నాడు.

"ఎలాగుంటాడు?" అంది పైడమ్మ.

"నల్లగా ఉంటాడు. ముకం నిండా అమ్మోరి మచ్చలు. బుగ్గ మీద ఇలా సీరుకుపోయినట్టు గీత."

పైడమ్మ ఒక అడుగు ముందుకేసింది. "షిప్టుకి టైమైపోనాది అన్నేడా?"

"అదే మాట. ఎన్నిసార్లన్నాడో! మీకెలా తెలుసు?"

పైడమ్మ ఆ బల్ల మీద కూలబడిపోయింది. సరిగ్గా ఆయన కూర్చున్నచోట, నేను చేసిన కాయితం కింద. మూడు రోజులు ఆయన ఈ గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. వచ్చినవాళ్ళంతా ఈ కాయితం చదివారు, ఆయన్నీ చూశారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? అమ్మవారు పోసిన మచ్చలూ, బుగ్గ మీద గీతా నేను కడిగేశాను కదా.

"మొన్న పొద్దున్న లేసి పట్టాల ఎంబడి అటు ఎల్పోనాడమ్మా" అని టీ కొట్టాయన తుని వైపు చెయ్యి చూపించాడు. పట్టాల వెంబడి అన్న మాట వినగానే ఇద్దరం లేచాం. ఎండలో రెండు ఊళ్ళ దాకా అడుగుతూ నడిచాం. చేతిలో కట్టెడు కాయితాలున్నాయి, ఒక్కటీ చూపించడానికి లేదు. పైడమ్మే కనపడ్డ ప్రతివాళ్ళకీ నోటితో చెప్పుకుంటూ వచ్చింది. ఎవరూ చూడలేదన్నారు.

సాయంత్రం పాసింజర్‌లో తిరిగొస్తూ ఆమెకి చెప్పేశాను. ఆ మీట సంగతి, నా అలవాటు సంగతి, అంతా. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"నువ్వొక్కదానివే సేసేవా అప్పా?" అంది. "నాను పక్కనే ఉన్నాను కదా. ఆయన్ని పొద్దు లెగిస్తే సూసేది నాను. తెల్లగా ఉన్నాడని మురిసిపోయి ఈదందరికీ సూపించేను. మావోడు సూసేడు, మా మరిది సూసేడు, మార్కెట్టంతా సూసింది. ఒక్కరన్నా 'ఈడు మన సూరి కాడెహె' అన్నేరా?" అని, మిగిలిన కాయితాల కట్ట నా ఒళ్ళో పెట్టి, "తిట్టుకోడం తరవాత. ముందు ఆ మచ్చలు మళ్ళీ ఎట్టీ" అంది.

దువ్వెన

మచ్చలు మళ్ళీ పెట్టడం చెప్పినంత సులువు కాదు. చేసిన పనిని వెనక్కి తిప్పే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఉంది గానీ, ఫైలు మూసేస్తే ఆ జ్ఞాపకం పోతుంది. నా మీట అసలు స్కాన్ మీదే సేవ్ చేసేసింది. అసలు ఫోటో పోలీస్ స్టేషన్ ఫైల్లో ఉంది. సుబ్బారాయుడు గారు స్కూటరేసుకుని వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు. బీరువా తాళం ఉన్న ఆయన బందోబస్తుకి వెళ్ళారట, రెండు రోజులు పడుతుందట. పట్టాల మీద నడుస్తున్న ముసలాయనకి రెండు రోజులంటే మాటలా?

అంతకుముందే సుబ్బారాయుడు గారికి జరిగింది చెప్పాను. నా మీద విరుచుకుపడతారనుకున్నాను. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "కడగమని చెప్పిందెవరమ్మా, నేనే కదా" అన్నారు. ఎన్ని విషయాల్లో ఆయనతో పోట్లాడినా ఆ ఒక్క మాటకి ఆయన మీద గౌరవం నాకు ఇప్పటికీ ఉంది.

"మచ్చలు ఎక్కడెక్కడున్నాయో చెప్పు" అని పైడమ్మని అడిగాను. ఆమెకి చెప్పడం రాలేదు. "ముకమంతా ఉండేవి" అంటుంది. ఇటు ఎన్ని, అటు ఎన్ని అంటే తెల్లమొహం వేస్తుంది. నా తల్లి ముఖం వర్ణించమన్నా నేనూ అంతే. రోజూ చూసేదాన్ని మాటల్లో పెట్టుకోం.

సుబ్బారాయుడు గారు ఉన్నట్టుండి, "మీ నాన్నగారికి గడ్డం ఎవరు గీసేవారమ్మా?" అని అడిగారు.

"నానేనండి. ఆయనకి సేతులు వణుకుతాయి."

"అయితే గియ్యమ్మా" అని, అద్దం దగ్గర కస్టమర్ల కోసం పెట్టే దువ్వెన తెచ్చి ఆమె చేతికిచ్చి తెర చూపించారు.

పైడమ్మ మొదట సిగ్గుపడింది. తర్వాత కొంగు నడుముకి దోపి, తెర ముందు ఇంట్లో కూర్చున్నట్టే కూర్చుంది. ఎడమ చేత్తో గడ్డం పట్టుకున్నట్టు పట్టుకుని, దువ్వెన చెవి దగ్గర ఆనించి కిందికి దించింది. సగం దారిలో చెయ్యి ఆగిపోయింది. "ఇక్కడ కత్తి ఎత్తాల" అంది. "ఇక్కడ గుంట. సర్మం లాగి పట్టకపోతే తెగిపోతాది." మళ్ళీ కొంచెం దిగింది. "ఇక్కడ రెండు, పక్కపక్కనే." నేను ఒక్కోచోటే చుక్క పెట్టుకుంటూ వచ్చాను. నోటికి తెలియనిదంతా ఆమె చేతికి తెలుసు. కుడి చెంప దగ్గరికొచ్చేసరికి దువ్వెన నిలువుగా రాకుండా ఏటవాలుగా తిరిగింది. "ఇది పోర్టులో వైరురోపు తగిలింది. సెవి కాడ్నించి మూతి దాకా. దీని మీదనుంచి పోకూడదు, పక్కనుంచే పోవాల."

ఒకచోటి చర్మాన్ని ఇంకోచోటికి తెచ్చి అంటించే పనిముట్టు మీ అందరికీ తెలుసు. జీవితమంతా దాంతో మంచి చర్మం తెచ్చి మచ్చల మీద కప్పాను. ఆ రోజు మచ్చ తెచ్చి మంచి చర్మం మీద పెట్టాను. తేవడానికి మచ్చ కావాలి కదా, చెవి తమ్మె వెనకాల నేను గీసిన గీతకి అవతల ఒక్కటి తప్పించుకుని మిగిలింది. దాన్నే విత్తనంగా తీసుకుని, ఒక్కోసారి కాస్త తిప్పి, కాస్త చిన్నదో పెద్దదో చేసి నాటాను. రంగు నేను ఎక్కించిన రెండు మెట్లూ దించి, ఇంకో మెట్టు దించాను, ఎండలో తిరుగుతున్నాడు కదా. సన్నటి బ్రష్షుతో పదిరోజుల గడ్డం వేశాను. నూనె రాసి దువ్విన జుట్టుని చెదరగొట్టాను. అంత చేశాక జిరాక్సు తీస్తే ముఖమంతా ఒకే నల్లముద్ద అయింది. జిరాక్సు మధ్య రంగుల్ని మింగేస్తుంది. మచ్చల అంచులు మాత్రం తేలేలా వెలుగునీడల్ని మళ్ళీ సర్ది, మూడోసారికి సరిచేశాను.

పైడమ్మ దువ్వెన పక్కన పెట్టింది. కొంగు తీసి తెర మీద ఆయన గడ్డం కింద తుడిచింది. అప్పుడు ఏడ్చింది.

నేను చెప్పగలిగింది

మర్నాడు పొద్దున్నే ఆ కాయితాలతో మార్కెట్ వాళ్ళు ఎలమంచిలి నుంచి తుని వరకూ పట్టాల పక్క ఊళ్ళన్నీ తిరిగారు. నేను ఆ మీట మీద రికార్డు చేసినదంతా తీసేశాను. ముఖం కడగడం మా స్టూడియోలో ఆగిపోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఎవరికి, ఎందుకు, ఎంతవరకు అని అడిగాకే చేసేవాళ్ళం. అసలు స్కాన్‌ని ముట్టుకోకుండా పక్కన దాచి, నకలు మీద, పొర మీద పొర వేసి పని చేయడం నేర్చుకున్నాను. ఇది మీకు మొదటి రోజే చెప్తారు. నేను చేతులు కాలాక నేర్చుకున్నాను. ఆలస్యంగా నేర్చుకున్నందుకు సిగ్గుపడుతున్నాను.

మీ పనిముట్లు మావాటికంటే వెయ్యిరెట్లు తెలివైనవి. వాడండి, తప్పులేదు. కాకపోతే ఎదుటివాళ్ళు ఆ ఫోటో ఎందుకు తెచ్చారో అడగండి. పైడమ్మ అందమైన తండ్రి కావాలని రాలేదు. ఆమె తండ్రే కావాలని వచ్చింది. ఆ తేడా నేను అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం కాయితాల మీద నంబరిచ్చిన పక్క ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. రేగుపాలెం అవతల రైల్వే గేటు కాసే ఆయన, ఓ ముసలాయన్ని తన గదిలో కూర్చోబెట్టాడట. కాయితం చూసి, బుగ్గ మీద గీత చూసి, పరుగెత్తుకెళ్ళి ఫోను చేశాడు. సుబ్బారాయుడు గారు ఎవరిదో జీపు మాట్లాడారు. వేరే ఎవరో అయితే ఎలా అని దారంతా నాకు భయమే.

గేటు గదిలో నులకమంచం మీద ఆయన కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. పాదాలు పగిలి, మనిషి చిక్కి సగమయ్యాడు. నేను ఆయన్ని అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అయినా ఒక్కొక్క మచ్చా నాకు తెలుసు. పైడమ్మ ఎదురుగా కూలబడి, "ఎంత గడ్డం పెంచేసేవయ్యా" అని రెండు చేతుల్తో ఆయన ముఖం పట్టుకుంది. ఆయన ఆమెని మర్యాదగా చూశాడు, ఎవరో తెలిసిన మనిషిని చూసినట్టు.

గేటాయన అనుమానం తీర్చుకోవాలని కాయితం ఆయన ముందు పెట్టాడు. "తాతా, ఇటు సూడు. ఈ పొటోలో ఉన్నోడు ఎవుడు?"

అప్పలసూరి కాయితాన్ని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు. వేలితో ఆ గడ్డం మీద, ఆ గుంటల మీద నెమ్మదిగా నిమిరాడు. ఆయన ముఖం వెలిగింది.

"మా అయ్య" అన్నాడు. "ఈడి కోసమే తిరుగుతన్నాను ఇన్నాళ్ళూ. మీకెక్కడ దొరికేడు?"

పైడమ్మ కళ్ళు తుడుచుకోకుండానే ఆయన చెయ్యి పట్టుకుంది.

"మా ఇంట్లో ఉన్నాడయ్యా" అంది. "పద, తీసుకెల్తాను."

ఆయన వెంటనే లేచి నిలబడ్డాడు.